నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ నడక ఆలస్యమా? వయసు ఇలా లెక్కపెట్టండి.. ఈ సంకేతాలుంటే మాత్రం ఆగొద్దు!

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచడం మన ఇళ్లలో ఆనవాయితీ. అయితే నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డ పుట్టిన ఇంట్లో ఈ ముచ్చట్లే టెన్షన్ తెచ్చిపెడతాయి. 'పక్కింటి పాప అప్పుడే కూర్చుంటోంది.. మీవాడు ఇంకా కూర్చోడా?' అని ఎవరో ఒకరు అనేస్తారు. ఆ రాత్రి తల్లికి నిద్ర పట్టదు. కానీ చాలాసార్లు లోపం బిడ్డలో ఉండదు, వయసు లెక్కలో ఉంటుంది.

వయసు ఎలా లెక్కించాలి?

37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. పుట్టినప్పుడు 2.5 కిలోల కంటే తక్కువ ఉంటే తక్కువ బరువు కింద లెక్క. నెలలు నిండని పిల్లల ఎదుగుదలను 'సవరించిన వయసు'తో చూడాలి. 40 వారాలకు ఎన్ని వారాలు ముందు పుట్టారో, అన్ని వారాలు అసలు వయసులోంచి తీసేయాలి. ఉదాహరణకు 32 వారాలకే పుట్టిన బాబుకి ఇప్పుడు 6 నెలలు అనుకుందాం. 8 వారాలు తీసేస్తే అతని వయసు దాదాపు 4 నెలలే. ఇంకా కూర్చోకపోతే కంగారు అక్కర్లేదు. రెండేళ్లు వచ్చేవరకు ఇదే లెక్క. టీకాలు మాత్రం డాక్టర్ వేరేగా చెబితే తప్ప పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి.

ఆలస్యం ఎందుకు?

కడుపులో చివరి వారాల్లో బిడ్డ ముడుచుకుని ఉంటుంది. కండరాలకు పట్టు వచ్చేది అప్పుడే. మెదడు కూడా ఆ సమయంలో వేగంగా ఎదుగుతుంది. ముందే పుట్టిన బిడ్డకు ఆ వారాలు దక్కవు. అందుకే మొదట్లో ఒళ్లు వదులుగా ఉంటుంది, మెడ నిలపడానికి టైమ్ పడుతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

* బిడ్డను తల్లి ఛాతీకి నేరుగా ఆనించి పెట్టుకునే కంగారూ కేర్ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తండ్రి కూడా ఇవ్వొచ్చు.
* ఇంటికొచ్చాక, డాక్టర్ సరే అంటే, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టాలి. పక్కనే ఉండి చూసుకోవాలి. నిద్రలో మాత్రం వెల్లకిలానే ఉంచాలి.
* వాకర్ కొనొద్దు. దానివల్ల నడక త్వరగా రాదు, పడిపోయే ప్రమాదం ఎక్కువ.

ఈ సంకేతాలు వదలొద్దు

సవరించిన వయసు ప్రకారం చూసినా ఇవి కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను కలవాలి.

* 4 నెలలకీ మెడ నిలవకపోవడం
* 3 నెలలు దాటినా ఎప్పుడూ పిడికిళ్లు బిగించే ఉండటం
* కాళ్లు బిగుసుకుపోయి కత్తెరలా ఒకదానిపై ఒకటి పడటం
* ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని వదిలేయడం
* 9 నెలలు దాటినా సాయం లేకుండా కూర్చోలేకపోవడం

'వాళ్ల నాన్న కూడా లేటుగానే నడిచాడులే' అని ఆగిపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. సవరించిన వయసు 3 నెలలప్పుడే బిడ్డ కదలికలు చూసి సెరిబ్రల్ పాల్సీ ముప్పును నిపుణులు పసిగట్టగలరు. పసి మెదడు త్వరగా నేర్చుకుంటుంది కాబట్టి ఫిజియోథెరపీ ఎంత ముందు మొదలైతే అంత మేలు. ఇందుకోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా సేవలు అందుతాయి. ఎలా వెళ్లాలో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు.

అరిసెలు రెండు నెలలు ఆలస్యంగా పంచినా ఫర్వాలేదు. చెకప్ మాత్రం ఒక్క నెల కూడా వాయిదా వేయొద్దు.