ట్రాక్ డే కొరకు స్పోర్ట్స్ సెడాన్‌ను సిద్ధం చేయడం

రుసుము చెల్లించి, సొంత కారును రేసు ట్రాక్‌పై పోటీ లేకుండా నడుపుకొనే రోజును ట్రాక్ డే అంటారు. 1992 నుండి 2016 వరకు తయారైన మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ ఇందుకు పేరుపొందిన నాలుగు తలుపుల కారు. దీనికి రెండు లీటర్ల టర్బో ఇంజను ఉన్నది. ఇటువంటి కారు కొన్నవారు చాలామంది ముందుగా ఇంజను శక్తిని పెంచాలనుకుంటారు. నిజానికి మొదట చూడవలసినవి బ్రేకులు.

కారు యొక్క గతిశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా గంటకు 200 కి.మీ. వేగంలో అది 100 కి.మీ. వేగంలో ఉన్నదానికి నాలుగు రెట్లు. బ్రేకు వేసినపుడు ఈ శక్తి వేడిగా మారుతుంది. వీధిలో బ్రేకులు చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది. ట్రాక్‌పై మలుపు మలుపుకూ వేడి పేరుకుంటుంది.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొనే గుణం కలది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్. తేమ చేరినదానికి ఈ కనీసం 155 మాత్రమే. ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కనుక పెడలు నేలను తాకినా కారు ఆగదు. అందువలన కొత్త ద్రవం నింపి, అధిక వేడికి తట్టుకొనే ప్యాడ్లు అమర్చాలి. వీటిలో కొన్ని చల్లగా ఉన్నపుడు సరిగా పట్టవు; వాటితో వీధిలో నడపడం క్షేమం కాదు.

చక్రాల నట్లను టార్క్ రెంచితో సరిచూస్తారు. వేడికి టైర్లలో పీడనం పెరుగుతుంది కాబట్టి ప్రతి విడత తరువాత కొలుస్తారు. చివరి చుట్టు నెమ్మదిగా తిరిగి బ్రేకులను చల్లార్చాలి. కారు ఆపిన వెంటనే హ్యాండ్ బ్రేకు వేయరాదు; గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టవలెను.