గోల్ఫు మైదానము: ఋతుచర్య, సభ్యమర్యాద

ఆటస్థలముల ముచ్చట గృహిణుల కేల యని కొందఱు సోదరీమణులు తలంపవచ్చును. మా వినగడపలో గోల్ఫు మైదానము లేదు. అయినను ప్రతిదినము వాకిలి యూడ్చి ముగ్గు పెట్టువారికి ఈ యాటలోని స్థలసంరక్షణము పరాయివిద్య కాదు. పలువురు గలసి యనుభవించు నేలను కాపాడవలసినవారు కూలి పుచ్చుకొనువారా, అనుభవించువారా? ఈ ప్రశ్నకు గోల్ఫాట చక్కని సమాధాన మొసగుచున్నది.

చేతికఱ్ఱతో చిన్నబంతిని గొట్టుచు, దూరమున నున్న గుంటలో వేయుటయే ఈ యాట. పెద్దమైదానమున నట్టి గుంటలు 18 ఉండును; ఒక్కొక్క గుంట వెడల్పు నాలుగుంబాతిక అంగుళములు. గుంటచుట్టును నున్నగా గత్తిరించిన పచ్చికను 'గ్రీను' అనియు, నడుమ నడ్డముగా నుంచిన యిసుకపల్లమును 'బంకరు' అనియు నందురు. స్కాట్లండు దేశము దీని పుట్టినిల్లు. అచ్చటి ఎడింబరో ఆటగాండ్రు 1744లో 13 నియమములు వ్రాసికొనిరి. 1829లో కలకత్తాలో గోల్ఫుసంఘ మేర్పడెను. సెయింటు ఆండ్రూసు పట్టణమున స్త్రీలు 1867లోనే తమకొక సంఘము నేర్పఱచుకొనిరి గాని, అచ్చటి ప్రసిద్ధ పురుషసంఘము స్త్రీలను సభ్యులుగా జేర్చుకొనుటకు 2014లో గాని సమ్మతింపలేదు! మన తెలుగునాట విశాఖపట్టణమునను, గోల్కొండ నయాఖిల్లాలోను ఈ మైదానములు గలవు.

ఉష్ణదేశముల మైదానములలో విరివిగా బెంచు 'బెర్ముడా' గడ్డి మఱేదియో కాదు. వినాయకచవితి పూజకు మనము కోసితెచ్చు గరికయే. రైతు గట్టుమీద విసుగుతో బెఱికివేయు గరికను అచ్చట బిడ్డవలె సాకుదురు. గ్రీనులకై దానిలోనే పొట్టిజాతులను బెంచి, మూడునాలుగు మిల్లీమీటర్ల యెత్తునకు గత్తిరింతురు. ఒక్కమాఱుగా ఆకులో మూడవవంతునకు మించి కోసినచో గడ్డి నీరసించును.

వేసవిలో నీరే ప్రధానము. నడియెండలో జల్లిన నీరు ఆవిరియగును. రాత్రియంతయు తడి నిలిచిన బూజుతెగులు పుట్టును. కావున తెల్లవాఱుజామున దడుపుట మేలు. వాడుకనీటిని శుద్ధిచేసి పచ్చికకు బెట్టు మైదానములును గలవు. ఎండలకు గరిక వన్నె తగ్గినను వేరు త్వరగా చావదు. ఊరివారు బిందెలతో బారులుదీరిన దినములలో మైదానము పసుపువన్నె దాల్చినదని సభ్యులు సణుగుట సభ్యత కాదని మా యభిప్రాయము.

వర్షర్తువున గరిక విజృంభించును. కోతపని యెడతెగక యుండును. తడినేలపై బండ్లు నడచిన మన్ను గట్టిపడి, వేళ్ల కూపిరాడదు. అందుచే బండ్లను బాటదాటనీయరు. ఒక్కొక్కపుడు మైదానమునే మూసివేయుదురు. "చందా చెల్లించితిమి, ఆడనీయరేల?" యని వాదించువారు, ఆ యొక్కదినపు టాటవలన నెన్నినాళ్ల శ్రమ మట్టిగలియునో యోచింపవలెను. గట్టిపడిన నేలను సన్నని గుల్లలుగా బొడిచి, పైన నిసుక చల్లి మరల బ్రదికింతురు. ఉఱుము వినబడినంతనే ఆట చాలించి సురక్షితస్థలము జేరుట ప్రాణరక్షణకు ముఖ్యము.

శీతకాలమున గరిక మెల్లగా బెరుగును గాన, తగిలిన గాయము మానుటకు జాగగును. ఉదయమున పొడుగుపాటి వెదురుబద్దతో గ్రీనుపై మంచును దులుపుదురు. తడి యాఱినచో తెగులు తగ్గును. స్కాట్లండువంటి శీతలదేశములలో పచ్చిక గడ్డకట్టినపుడు అడుగిడిన, ఆ యడుగుజాడలు తరువాత నల్లబడి కనబడును.

ఇక సభ్యమర్యాదలు. 2019లో సవరించిన నియమావళి మొదటి నియమమునందే, ఆటగాడు మైదానమును బాగుగా చూచుకొనవలెనని విధించిరి. దెబ్బకు లేచిన పచ్చికపెల్లను స్వస్థానమున నుంచవలెను. గరికనేలలో పెల్ల తఱచుగా నాటుకొనదు గనుక, గోతిని ఇసుకతో నింపి కాలితో నదిమిన, ప్రక్కగరిక పాకివచ్చి కప్పును. బంతి పడి గ్రీనుపై గలిగిన పల్లమును, అంచులు నడిమికి జరిపి సరిచేయవలెను. అడుగునుండి పైకెత్తినచో వేళ్లు తెగును. బంకరులోనికి పల్లపుదరినుండి దిగి, వెడలునపుడు తన యడుగులను దంతెతో మాపిపోవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. ఎదుట పనివారు గడ్డి గోయుచుండగా, కలుపు దీయుచుండగా, వారు దూరముగా తొలగువఱకు బంతి గొట్టరాదు. ఆ గట్టిబంతి తగిలిన తల పగులును. యజమాని యాట కొఱకు కూలి నెత్తురు చిందుట యే నాగరకత?

నయాఖిల్లా మైదానము నడుమ ప్రాచీనమైన బావొబాబు మహావృక్షమును, కుతుబుషాహీలనాటి కట్టడములును గలవు. అట్టిచోట ఆటస్థల మేల యని చరిత్రప్రియు లాక్షేపించిరి. ఆ కట్టడములు సభ్యుల సొమ్ము కావు, రాబోవు తరములవారివి. వానిని జూడవచ్చు యాత్రికునికి దారి యొసగుటయు సభ్యమర్యాదయే యని మేము తలంతుము.

సోదరీమణులారా! మన యూరి చెఱువుగట్టు, బావిపళ్లెము, బడివాకిలి ఎవరి మైదానములు? మనవే కదా. స్నానఘట్టమున సబ్బునురుగును, బావికడ బురదను, బడిలో కాగితపుముక్కలను విడిచి, "ఎవరో యూడ్తురు" అని వచ్చుట మన యిండ్లలోను గలదు. తాను చేసిన గుఱుతును తానే మాపి కదలుమని పిల్లలకు నేర్పుడు. వారికంటె ముందుగా మన మాచరించి చూపుదము.