పొగ పోయింది, మసి మిగిలింది

దీపావళి మర్నాడు అరుగు కడిగినవాళ్లకు ఈ సంగతి తెలుసు. చిచ్చుబుడ్డి కాలిన చోట బూడిద రాత్రి మంచుకు తడిసి, తెల్లారేసరికి జిడ్డులా నేలను పట్టుకుని ఉంటుంది. చీపురుకు రాదు. నీళ్లు పోసి రుద్దాల్సిందే. పంతొమ్మిదో శతాబ్దంలో రివాల్వర్ పడ్డ తిప్పలన్నీ ఇంచుమించు ఆ మరకలోనే ఉన్నాయి.

ఇంగ్లీషువాళ్లు పాత తుపాకి మందును రంగుతో పిలుస్తారు. దాన్ని మక్కికి మక్కి 'నల్లమందు' అంటే మనకు అభినిలో తేలుతుంది కాబట్టి పాతమందు అనుకుందాం. 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు దీన్ని మూసేసిన ఉక్కు పాత్రల్లో కాల్చి, మిగిలినదాన్ని తూచి, 1875లో లెక్క చెప్పారు. నూరు గ్రాములు కాలిస్తే వాయువు అయ్యేది దాదాపు 43 గ్రాములు. తక్కిన 57 గ్రాముల్లో దాదాపు అంతా పొటాషియం లవణాలే. గుండును తోసేది ఆ వాయువు. సగం పైచిలుకు సరుకు ఉత్త బూడిద. అందులో కొంత తెల్లటి పొగగా బయటికి పోతుంది, కొంత గొట్టం లోపలే అతుక్కుంటుంది. గాలిలో తేమ ఉంటే బురద, లేకపోతే గట్టి పెచ్చు. కడిగితే కుళ్లిన గుడ్డు వాసన.

ఒంటి గొట్టం తుపాకిలో ఈ పెచ్చు వల్ల గుండు దిగడం కష్టమవుతుంది, అంతే. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు తీసుకున్న రివాల్వర్ సంగతి వేరు. దాని ప్రాణం తిరిగే సిలిండర్‌లో ఉంది. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు ఒకటి రెండు కాగితాల మందం మించదు. ప్రతి పేల్పుకూ ఆ సందులోంచి మంట, మసి పక్కలకు చిమ్ముతాయి, సిలిండర్ తిరిగే ఇరుసు మీద పడతాయి. కొన్ని డజన్ల పేల్పులయ్యాక సిలిండర్ బిగుసుకుపోయి చేత్తో తిప్పినా తిరగదు. కోల్ట్ ఇరుసు లావుగా ఉండేది, దాని మీద కొవ్వు నిలవడానికి గాడులు ఉండేవి. కోల్ట్‌కు పోటీ అయిన రెమింగ్టన్‌లో ఇరుసు సన్నం. చట్రం గట్టిదే అయినా అది తొందరగా పట్టేసేది. మసిని ఓర్చుకోవడం కూడా ఆ రోజుల్లో యంత్ర నిర్మాణంలో భాగమే.

కొవ్వు మాట వచ్చింది కాబట్టి ఒక్క క్షణం మన దేశానికి. 1857లో సిపాయిలు పంటితో కొరకబోమన్న ఎన్‌ఫీల్డ్ తూటా కాగితానికి కొవ్వు ఎందుకు పూశారు? గుండు సాఫీగా దిగడానికి, గొట్టంలో పేరుకున్న మసిని మెత్తబరచడానికి. ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న గొడవ గురించి మన పాఠ్యపుస్తకాలు పేజీలకు పేజీలు చెబుతాయి. ఆ కొవ్వును అక్కడికి రప్పించిన 57 శాతం బూడిద ఊసు మాత్రం ఎత్తవు.

బూడిదను వదిలించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెయ్. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన దూది భగ్గున మండుతుందని అప్పటికే తెలుసు. దాన్ని అదుపులో పెట్టడమే కష్టమైంది. వియెయ్ 1884లో దాన్ని ఈథర్, ఆల్కహాల్ కలిపి ముద్ద చేసి, పలచని రేకుగా ఒత్తి, బిళ్లలుగా కోశాడు. పోగులు పోయి గట్టి పదార్థం వచ్చింది కాబట్టి మంట పైపొర నుంచి లోపలికి వరసగా నడిచింది. కాలితే దాదాపు అంతా వాయువే. రెండేళ్లలో ఫ్రెంచి సైన్యం చేతికి ఆ మందుతో పేలే లెబెల్ రైఫిల్ వచ్చింది. బ్రిటన్‌లో 1889లో కార్డైట్ తయారుచేసిన ఇద్దరిలో ఒకరు బూడిద తూచిన ఆ ఏబెలే. ఆ కార్డైట్ కోసమే నీలగిరుల్లో అరువంకాడు కర్మాగారం వెలిసింది.

ఇక రివాల్వర్‌కు శుభ్రమైన రోజులు వచ్చినట్టే అనుకున్నారు. రాలేదు. తప్పు మందుది కాదు, గిన్నెది.

పేరున్న రివాల్వర్ తూటాలు పాతమందు కొలతకు పుట్టాయి. 1873 నాటి 45 కోల్ట్‌లో మొదట 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైన పాతమందు పట్టేది. 1898లో పుట్టిన 38 స్పెషల్‌దీ అదే తీరు. కొత్తమందుకు బలం ఎక్కువ కాబట్టి పాత బరువులో నాలుగో వంతు కూడా అక్కర్లేదు. కానీ మందు పట్టే ఇత్తడి గొట్టం పొడవు అదే. అడుగున చిటికెడు మందు, పైన ఖాళీ.

ఆ ఖాళీలో ఏమవుతుందో చెప్పే సూత్రం కూడా వియెయ్‌దే. మందు మండే వేగం దాని మీద ఉన్న ఒత్తిడిని బట్టి పెరుగుతుంది. వాయువు పుడితే ఒత్తిడి, ఒత్తిడి పెరిగితే మంట జోరు, జోరుకు మరింత వాయువు. ఖాళీ ఎక్కువై ఈ గొలుసు నీరసంగా మొదలైతే, గుండు గొట్టం దాటి ఒత్తిడి పడిపోయే వేళకు కొన్ని బిళ్లలు ఇంకా సగమే కాలి ఉంటాయి. పసుపు పచ్చటి పలుకులుగా అవి సిలిండర్‌లో రాలతాయి. పైగా ఒత్తిడి చాలక ఇత్తడి గొట్టం ఉబ్బి సిలిండర్ గది గోడకు అతుక్కోదు. మసి వెనక్కి పాకి దాని ఒంటినంతా నలుపు చేస్తుంది.

అమెరికాలో పేల్చిన తూటాలను పారేయకుండా ఇంటికి తెచ్చి, తోమి, మందును అంటించే ప్రైమర్‌ను కొత్తది బిగించి, మందు కొలిచి పోసి, గుండు అమర్చుకునేవాళ్లు ఉన్నారు. మన 1959 ఆయుధాల చట్టం లైసెన్సు లేకుండా ఆ పని చేయనివ్వదు. అక్కడ అదొక వ్యాపకం. వాళ్లు కలిస్తే సాగే వాదం ఒకటే: ఏ మందు శుభ్రం? 1900 నాటి యూనిక్ అనే మందుకు మురికిదని పాత పేరు. అదే మందు గట్టి ఒత్తిడి ఉన్న తూటాలో మర్యాదగానే కాలుతుంది. లాంతరు చిమ్నీ మసిబారితే మనం కిరసనాయిలును తిట్టం, ఒత్తి సరిచేస్తాం. పోలిక అక్కడికే సరి. లాంతరుకు కావలసింది గాలి. తుపాకి మందు తన ఆక్సిజన్‌ను తనలోనే మోసుకొస్తుంది, దానికి కావలసింది ఒత్తిడి. అలాగని మసి పోవాలని మందు పెంచుకుంటూ పోతే సిలిండరే పగులుతుంది. 38 స్పెషల్‌కు అమెరికన్ పరిశ్రమ గీసిన గీత చదరపు అంగుళానికి 17,000 పౌన్లు. 1935లో వచ్చిన 357 మాగ్నమ్‌కు 35,000. మాగ్నమ్ రివాల్వర్‌లో పొట్టి 38 తూటాలు చాలాసేపు పేలిస్తే, ఇత్తడి అంచు ఆగిన చోట గది గోడకు మసి ఉంగరంలా పేరుకుంటుంది. తర్వాత పెట్టే, మూడు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్న మాగ్నమ్ తూటా అక్కడ అడ్డం పడుతుంది. మందును అనకూడని పాపం మరొకటుంది: సీసపు గుండుకు పూసిన మైనం. పొగలో చాలా భాగం దానిదే.

కంటికి కనబడే మసి కన్నా కనబడనిది ఎక్కువ చేటు చేసింది. కొత్తమందు వచ్చాక, బూడిదే లేనప్పుడు నీళ్లెందుకని చాలామంది నూనె గుడ్డతో తుడిచి ఊరుకున్నారు. నూనె కిందే తుప్పు పట్టింది. ఆమ్లం అన్నారు, మందు లోపం అన్నారు. 1922లో అమెరికా గనుల బ్యూరోకు చెందిన విల్బర్ట్ హఫ్ అసలు దొంగను పట్టుకున్నాడు. ప్రైమర్‌లోని పొటాషియం క్లోరేట్ కాలి పొటాషియం క్లోరైడ్ అవుతోంది. అది వంటింటి ఉప్పుకు తోబుట్టువు. నూనెలో కరగదు, తేమను పిలుస్తుంది. పాతమందు రోజుల్లో బూడిద కడిగే నీళ్లతో పాటే అదీ పోయేది. బ్రిటిష్ సైనికులు రైఫిల్ గొట్టంలో గరాటు పెట్టి మరిగే నీళ్లు పోయడం చాదస్తం కాదన్నమాట. 1920ల చివరికి క్లోరేటు లేని ప్రైమర్లు బజారుకొచ్చాయి. వాటిలో సీసం, బేరియం, ఆంటిమొనీ చేరాయి.

ఈ మూడూ కలిసి కరిగి గడ్డకట్టిన గోళీలు, మిల్లీమీటరులో వెయ్యో వంతు కొలతలో, రివాల్వర్ సందులోంచి చిమ్మి పేల్చినవాడి చేతి మీద వాలతాయి. ఫోరెన్సిక్ ప్రయోగశాలలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద వెతికేది వాటినే. ఈలోగా నాలుగు గోడల మధ్య సాధన చేసేవాళ్ల ఊపిరితిత్తుల కోసం సీసం లేని ప్రైమర్లు కూడా వచ్చాయి. అవి వాడితే ఆ గుర్తు మాయం. అందుకని జర్మనీలో పోలీసుల తూటాల్లో గాడోలినియం లాంటి అరుదైన మూలకాన్ని కావాలనే కలుపుతున్నారు, పేల్చాక ఏదో ఒకటి మిగలాలని.