రాలిన పెచ్చు తిరగేసి చూడండి!
తడికి నిలవని ఎమల్షన్ రంగులు

ఎల్లారెడ్డి: వేలకు వేలు పోసి వేయించిన ఎమల్షన్ రంగు ఒక్క వానాకాలానికే పొక్కులు లేచి పెచ్చులుగా వూడిపోతున్నదని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల గృహస్థులు వాపోవడం కొత్త కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో జిల్లాను వానలు ముంచెత్తాయి. ఒక్క అర్గొండలోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అంతటి వానకు నానిన గోడ మీద ఏ రంగుకైనా పరీక్షే.

రంగు వూడగానే తగవు మొదలవుతుంది. పెయింటరు నీళ్లు కలిపాడని ఇంటి యజమాని, కంపెనీ సరుకు మంచిది కాదని పెయింటరు, గోడే మంచిది కాదని దుకాణదారు. ముగ్గురిలో తరచు నిజానికి దగ్గరగా వుండేది దుకాణదారే. అయితే ఆ మాట డబ్బా అమ్మకముందే చెబితే బాగుండేది! చివరకు నిలిచిపోయేది గుత్తకు పనిచేసిన పెయింటరు కూలి.

తగవు తీర్చే సాక్ష్యం నేల మీదనే పడి వుంటుంది. రాలిన పెచ్చును తిరగేసి చూడాలి. వెనుక తెల్లటి పొడి అంటివుంటే రంగు తన పట్టు వదలలేదన్నమాట. దాని కింది సున్నమే విడిపోయింది. ఏటా పండుగకు సున్నం కొట్టిన పాత ఇండ్లలో పొర మీద పొర పేరుకుని వుంటుంది. పొడిగా వున్నప్పుడు అది గట్టిగానే కనిపిస్తుంది, తడిస్తే పిండి అవుతుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఫలితం ఇంతే. సున్నాన్ని గిలాబు కనిపించే దాకా గీకి, కడిగి, ఆరనిచ్చి, ప్రైమర్ వేయడం తప్ప మార్గం లేదు. లప్పం కూడా ఆ తర్వాతి మాటే.

పెచ్చు వెనుక శుభ్రంగా, నున్నగా వుంటే కథ వేరు. కింద పాత నూనె రంగు వుండి వుంటుంది. ఎమల్షన్ అంటే నీటిలో తేలియాడే పాలిమర్ రేణువులు. నీరు ఆవిరి కాగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఆ పొరలోకి మళ్లీ తేమ దిగి, పొరకూ నున్నటి నూనె రంగుకూ మధ్య చేరితే పట్టు జారుతుంది. అందుకే తయారీదారులు కొన్ని ఎమల్షన్లలో యురీడో అనే రకం మోనోమర్‌ను పాలిమర్ బరువులో ఒక శాతం దరిదాపుల్లో కలుపుతారు. తడిలోనూ కింది పొరను విడవకుండా పట్టుకోవడం దాని పని. అయినా నూనె రంగును గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టక తప్పదు. అనుమానం వుంటే ఒక మూల జానెడు మేర వేసి, వారం ఆరనిచ్చి, తడిగుడ్డ గంటసేపు అద్ది వుంచి, బ్లేడుతో అడ్డగీతలు గీసి టేపు అంటించి లాగి చూడవచ్చు.

ఇక పెచ్చుతో పాటు ఇసుక, తెల్లటి ఉప్పు రాలితే నీరు గోడ లోపలి నుంచే వస్తున్నదని అర్థం. కారే గొట్టమో, పైకప్పు పగులో, పునాది చెమ్మో ముందు చూసుకోవాలి. కొత్త గిలాబుకు కనీసం 28 రోజులు గడువివ్వాలి. సిమెంటు క్షారం అప్పుడే తగ్గుముఖం పడుతుంది. నీళ్లు డబ్బా మీద రాసిన కొలతకు మించి కలిపితే రంగు ఎక్కువ గోడకు పారుతుంది గాని, పొర పలచబడి పట్టు తగ్గుతుంది.

చిక్కేమిటంటే మన దసరా వానల వెనుకనే వస్తుంది, గోడలు అప్పటికి ఆరవు. రంగుకు ముందు రాత్రి అడుగున్నర పాలిథిన్ ముక్కను గోడకు పరచి, నాలుగంచులా టేపు వేసి వుంచండి. తెల్లవారి దాని లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఆ వారం డబ్బా మూత తీయకండి.