చందా రసీదుకు ముందటి కష్టం

జీతం సక్రమంగా వస్తున్నప్పుడు యూనియన్ చందా కట్టేవారు తక్కువ. ఆగాక కట్టి, మర్నాడే ‘నా సంగతి తేల్చండి’ అనేవారు ఎక్కువ. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడమంటే ఇదేనని పాత సభ్యులు విసుక్కోవడమూ మామూలే. అయితే అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో ఆ విసుగుకు న్యాయం తక్కువ. గూడేనికి ఒక అంగన్‌వాడీ కార్యకర్త, ఒక ఆశా ఉంటారు. తోటి ఉద్యోగి ముఖం చూడాలంటే మండల కేంద్రంలో మీటింగైనా జరగాలి, సంత రోజైనా రావాలి. పక్కన పనిచేసే మనిషే లేనిచోట సంఘం గురించి ముందుగా చెప్పేదెవరు? అక్కడ యూనియన్‌ను పరిచయం చేసేది చాలాసార్లు కష్టమే. కాబట్టి కొత్త సభ్యురాలి పాత సమస్యను యూనియన్ తనదిగా తీసుకోవాలి. ఎంతవరకు అన్నదే అసలు చర్చ.

చట్టం ఈ విషయంలో మన సంఘాల కన్నా ఉదారంగా ఉంది. 1958లో అస్సాంలోని డిమాకుచి తేయాకు తోట కేసులో, ఉద్యోగం పోయిన ఒక వైద్యుడి తరఫున తోట కార్మికులు పోరాడారు. ఆయన కార్మికుడి నిర్వచనంలోకి రాడని, ఆయన ఉద్యోగంతో వీళ్లకు నేరుగా ముడిపడిన ప్రయోజనం లేదని సుప్రీంకోర్టు వారి వాదన ఒప్పుకోలేదు. కార్మికులు ఓడిన కేసే అయినా, కోర్టు ఏం అడిగిందో గమనించాలి: ఒకరి కష్టానికీ తక్కినవాళ్లకూ ఉన్న సంబంధమేమిటని. తొలగింపునకు గురైనవారు ఒంటరిగానైనా వివాదం లేవనెత్తవచ్చని 1965లో పారిశ్రామిక వివాదాల చట్టానికి సవరణ వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం, బకాయి కోసం ఉద్యోగి సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ కూడా దరఖాస్తు పెట్టవచ్చు, గడువు మూడేళ్లు. సభ్యుడై ఉండాలంది గానీ ఎప్పటినుంచి అని అడగలేదు. అదే రోజు అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద, తొలగింపుపై ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లే. అందువల్ల యూనియన్ ముందుగా చూడాల్సింది రసీదు మీది తేదీని కాదు, కష్టం మొదలైన తేదీని.

కొండల్లో ఈ చట్టాలు అందరికీ అందవన్నదీ నిజమే. అంగన్‌వాడీలకు ఇచ్చేదానికి జీతమని కాకుండా ‘గౌరవ వేతనం’ అని పేరు. పేరులోనే గౌరవమంతా సరిపెట్టారు. గ్రాట్యుటీ చట్టం వాళ్లకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. గిరిజన ప్రాంతంలో 150 నుంచి 300 జనాభా ఉన్న ఆవాసానికి మినీ కేంద్రం ఇచ్చేవారు. అందులో ఆయా ఉండేది కాదు. వండేదీ, చెప్పేదీ, రికార్డు రాసేదీ ఒక్కరే. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల రాష్ట్రవ్యాప్త సమ్మెలో, మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించినా వెనక్కి తగ్గని ఆ సమ్మెలో, మినీలను పూర్తి కేంద్రాలుగా మార్చాలన్నది ఒక డిమాండు. ఎక్కడో కొండమీద ఒక్కతి ఏళ్ల తరబడి మోసిన బరువు అలా అందరి కోరికైంది. మినీలను మార్చే నిర్ణయం 2025లో వచ్చింది. ఎవరు ఏ నెలలో చందా కట్టారో చూసి ఆ నిర్ణయం చేయలేదు.

‘అలాగైతే ముందునుంచీ కట్టినవాళ్లు వెర్రివాళ్లా?’ అనే ప్రశ్న వస్తుంది. ఇది తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. బ్రిటన్‌లో చాలా యూనియన్లు, చేరకముందే మొదలైన తగాదాకు వకీలు ఖర్చు భరించబోమని నిబంధన పెట్టుకున్నాయి. అరకు నుంచి విశాఖ లేబర్ కోర్టుకు నూరు కిలోమీటర్ల పైమాటే; వాయిదాకో రోజు కూలి, దారి ఖర్చు పోతాయి. ఆ డబ్బు పాత సభ్యుల చందాదే. అందుచేత కోర్టు ఖర్చుకు కొన్నాళ్ల సభ్యత్వం అడగడం, కార్యవర్గం తీర్మానం కావాలనడం సబబే. కానీ అర్జీ రాసిపెట్టడానికీ, ఐటీడీఏ అధికారి దగ్గరకు తోడు వెళ్లడానికీ ఆ నిబంధన అడ్డురాకూడదు. పైగా ఇంకా సాగుతున్న కష్టాన్ని పాతదని ఎలా అంటాం? ప్రతి నెలా జీతం కోత పడుతుంటే, ఈ నెల కోత చేరిన తర్వాతిదే.

పని అయ్యాక మొహం చాటేస్తారన్నది ఇంకో అనుమానం. కొందరు చాటేస్తారు. అయినా వాళ్లు తెచ్చిన హాజరు పట్టీ నకలు, బ్యాంకు పాసుపుస్తకం యూనియన్ దగ్గర ఉంటాయి. వాళ్లు పనిచేసిన అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ కిందే కోతపడిన రెండో మనిషి వచ్చినప్పుడు, ఇది ఒకరి పొరపాటు కాదని చూపించేవి ఆ కాగితాలే. అన్నీ గెలిచే కేసులూ కావు. గడువు దాటిపోయిందో, పూర్తి సొమ్ము ముట్టిందని ముందే వేలిముద్ర వేశారో అయితే, ఆ మాట చందా తీసుకోకముందే చెప్పాలి.