దిగులు: అపోహలు – వాస్తవాలు

‘దిగు’ నుంచి ‘దిగులు’ పుట్టిందని, మనసు కిందికి దిగడమే దిగులని చాలామంది అనుకుంటారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ పొరుగు భాషలు ఒప్పుకోవు. ఈ మాటకు తోబుట్టువులు కన్నడంలో ‘దిగిలు’, తమిళంలో ‘తిగిల్’. రెండింటికీ అర్థం భయమే. తమిళులు దయ్యాల సినిమాను ‘తిగిల్ పడం’ అంటారు. కిందికి దిగడానికి కన్నడంలో వాడే క్రియ ‘ఇళి’. దానికీ దిగిలుకూ పోలికే లేదు. తెలుగులోనూ పాత నిఘంటువులు దిగులుకు భయమనే అర్థం చెప్పాయి.

ఆ భయం మాటలో ఇంకా మిగిలే ఉంది. అందుకే దిగులూ దుఃఖమూ ఒకటేననడం సరికాదు. దుఃఖం జరిగిపోయినదాన్ని పట్టుకుని ఉంటుంది. దిగులు చూపు ఎక్కువగా జరగబోయేదాని మీద. నారు పోశాక వాన మొహం చాటేస్తే రైతుకు దిగులు. కూతురికి సంబంధం కుదరకపోతే తల్లికి దిగులు. చావింటికి వెళ్ళినవాళ్ళు ‘ఊరుకో’, ‘ధైర్యం తెచ్చుకో’ అంటారు. ‘దిగులు పడకు, మేమున్నాం’ అనే మాట రేపటి బతుకు ప్రస్తావన వచ్చాక వస్తుంది. రెండింటి మధ్య ఈ గీత మరీ గట్టిదేం కాదు. భర్త పోయిన దిగులుతో మంచం పట్టిందని కూడా అంటారు. అక్కడా ఆ మాట చెప్పేది రోజుల తరబడి లోలోపల తినేసే స్థితి గురించే. ఉన్నట్టుండి గుండెల్లో పుట్టేదానికి ‘గుబులు’ అనే వేరే మాట ఉంది.

‘దిగాలు’ అనే మాట దిగులుకు అచ్చుతప్పేమీ కాదు. దిగులు లోపల ఉంటుంది, దిగాలు పైకి కనిపిస్తుంది: దిగాలుగా కూర్చున్నాడు, దిగాలు మొహం వేశాడు.

దిగులుకు దగ్గరి మాటైన బెంగ పిల్లలకే వస్తుందనేది మరో అపోహ. తల్లి పురిటికి వెళ్తే పసివాడు బెంగపెట్టుకున్నాడని, జ్వరం కూడా తగిలిందని ఇళ్ళల్లో చెప్పుకునే మాట నిజమే. కానీ హాస్టల్లో చేరిన కుర్రాడికి ఇంటి మీద, కొడుకు అమెరికా వెళ్ళిన ముసలి తండ్రికి వాడి మీద ఉండేదీ బెంగే. అమ్మేసిన ఆవు కొత్త కొట్టంలో మేత ముట్టకపోతే దానికీ అదే మాట. బెంగకు దూరమైన మనిషో చోటో ఉండాలి. అందుకే ‘మీద’ అనే మాట దాన్ని వదలదు. ‘నీకేం బెంగ’ అన్నప్పుడు మాత్రం అది దిగులుతో కలిసిపోతుంది. తెలంగాణలో ఈ చోటు చాలావరకు ‘రంది’ది. ‘రంది పెట్టుకోకు’ అన్న మాటలో ఉన్న ఆప్యాయత ‘చింతించకు’లో దొరకదు.

అన్నిటికన్నా నష్టం చేసే అపోహ ఒకటుంది: దిగులూ డిప్రెషనూ ఒకటేనని. మార్కులు తగ్గిన సాయంత్రమే ‘డిప్రెషన్‌లో ఉన్నా’ అనడం మామూలైపోయింది. పత్రికలు కుంగుబాటు అని రాసే ఈ జబ్బును వైద్యులు ఒక్క సాయంత్రంతో తేల్చరు. కనీసం రెండు వారాలపాటు, దాదాపు రోజంతా మనసు కుంగి ఉండటమో దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉండాలి. దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం, ఓపిక లేకపోవడం, తాను పనికిరాననిపించడం, చావు ఆలోచనలు వంటి వాటిలో కొన్ని కనిపించాలి. దిగులుకు కారణం చెప్పగలరు, అది తీరితే దిగులూ తీరుతుంది. వాన పడితే రైతు తేరుకుంటాడు. కుంగుబాటుకు కారణం కనిపించాలనేం లేదు, ఒకవేళ కనిపించి తీరినా జబ్బు ఉండిపోవచ్చు. కాబట్టి ‘ధైర్యంగా ఉండు’ అన్న ఓదార్పు దిగులుకు పనిచేసినంతగా దీనికి చేయదు.

కుంగినవాళ్ళు ఏడుస్తూనే ఉంటారనుకోవడమూ తప్పే. ఒళ్ళు నొప్పులు, తల బరువు, నీరసం అని డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది. మనసు సంగతి అడిగితేనే బయటపడుతుంది. మాటలతో చేసే చికిత్స, అవసరమైతే మందులు, రెండూ దీనికి ఉన్నాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.