పక్కటెముకలు కనిపిస్తే ఆకలి కాదు

ముద్దనూరు చుట్టుపక్కల పల్లెల్లో సన్నకాళ్ల వేటకుక్కను వెంటేసుకుని నడిస్తే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: “ఏమప్పా, దానికి కూడు పెడ్తాండావా లేదా?” లోపలికి పోయిన కడుపును, లెక్కపెట్టగలిగే పక్కటెముకలను చూసి అడిగే మాట అది. ఆ మాట పడలేక యజమాని ఇంకో ముద్ద సంగటి ఎక్కువేస్తాడు. నాలుగు నెలలకు కుక్క నున్నగా తేలుతుంది, ఊరు శాంతిస్తుంది. కీళ్ల మీద, గుండె మీద భారం మొదలయ్యేది అప్పుడే.

గ్రేహౌండ్ అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది 1989లో కె.ఎస్. వ్యాస్ తీర్చిదిద్దిన పోలీసు దళం. ఆ దళానికి పేరిచ్చిన కుక్క వేరే దేశానిదే అయినా, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న జాతులు మనకు పొరుగునే ఉన్నాయి. కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా ముధోల్ కుక్క, తమిళనాడు చిప్పిపారై, రాజపాళయం ఆ కోవలోవే. 2005 జనవరిలో తపాలా శాఖ విడుదల చేసిన కుక్కల స్టాంపుల్లో ముధోల్, రాజపాళయం రెండూ ఉన్నాయి. ఇవన్నీ వాసన కంటే చూపును నమ్ముకుని, దూరాన కదిలిన దాన్ని తరిమి పట్టే కుక్కలు.

ఈ ఒంటి లెక్కే వేరు. మామూలు కుక్క బరువులో కండ దాదాపు 44 శాతం, గ్రేహౌండ్‌లో 57 శాతం. కొవ్వు చాలా తక్కువ. గుండె కూడా ఒంటి బరువుతో పోలిస్తే పెద్దది. అందుకే చివరి రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల కొసలు కనిపించడం దానికి ఆరోగ్యమే. వెన్నుపూసలు గుచ్చుకునేలా పొడుచుకొచ్చినా, తొడ కండ గుంటపడినా అప్పుడు ఆకలి గురించి ఆలోచించాలి.

రక్తపరీక్ష దగ్గర ఇంకా చిక్కు. గ్రేహౌండ్‌కు ఎర్రకణాల శాతం 50 నుంచి 65 దాకా ఉంటుంది. వేరే కుక్కలో 40 అంటే నిశ్చింత, దీనిలో అదే అంకె రక్తహీనతకు గుర్తు కావచ్చు. ప్లేట్‌లెట్లేమో పుట్టుకతోనే తక్కువ. పిడుదుల జ్వరం విపరీతంగా ఉండే మన ప్రాంతంలో లక్షా ఇరవై వేలు అని చీటీలో చూడగానే మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. థైరాయిడ్ హార్మోన్ తక్కువగా, క్రియాటినిన్ కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. అంతమాత్రాన దానికి థైరాయిడ్ జబ్బూ లేదు, కిడ్నీ జబ్బూ లేదు.

ఇక తిండి. సంగటిని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. బాగా ఉడికిన పిండిపదార్థాన్ని కుక్క చక్కగా అరిగించుకుంటుంది. తప్పు సంగటిది కాదు, సంగటీ మజ్జిగతో సరిపెట్టడానిది. మాంసమో, గుడ్డో, ముళ్లు తీసిన చేపో కొంచెం కొవ్వుతో కలిసి రోజూ పడాలి. అలాగని మాంసం ఎంత పెడితే అంత పరుగు అనుకోవడమూ భ్రమే. 2001లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు పందెపు గ్రేహౌండ్ల ఆహారశక్తిలో ప్రోటీన్ వాటాను 24 నుంచి 37 శాతానికి పెంచితే, అవి వేగం పుంజుకోలేదు సరికదా కాస్త నెమ్మదించాయి. ఇక కుక్కపిల్లలకు వట్టి మాంసమే పెడితే కాల్షియం అందక ఎముకలు వంకర పోతాయి.

ఇంట్లో మిగిలిన కోడి పులుసు సంగటి మీద పోయడం మనకు మహా ముద్దు. అందులోని ఉల్లి, వెల్లుల్లి ఎర్రకణాలను చిదిమేస్తాయి, ఉడికిన కోడి ఎముక పేగును చీలుస్తుంది. గొర్రెల సీమ కాబట్టి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కోసిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తే వాటిని కుక్కకు విసరకండి. ఆ బుడగల్లో ఉండేది బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగులో పెరిగి, గుడ్లు పెట్టి, మళ్లీ మన పిల్లల కాలేయానికే చేరతాయి. కాల్చేయండి, లేదా లోతుగా పూడ్చండి. కుక్కకు డాక్టరు చెప్పిన వ్యవధిలో పురుగుల మందు వేయించండి.

రోజు తిండి రెండు పూటలుగా పెట్టాలి. తిన్న వెంటనే పరిగెత్తించకూడదు. లోతైన రొమ్ము ఉన్న ఈ జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడితే కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే, పొట్ట డోలులా బిగుసుకుంటే తెల్లారేదాకా ఆగొద్దు.

ఎండ సంగతి కడప జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు కానీ, కుక్క విషయంలో మనం మరిచిపోతాం. అర నిమిషం పందెపు పరుగు ముగిసేసరికే దాని ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాకా ఎగబాకుతుంది. బయట 43 డిగ్రీలుంటే ఆ వేడి ఎక్కడికి పోవాలి? మార్చి నుంచి జూన్ దాకా సూర్యోదయానికి ముందే, మెత్తని దుక్కి నేల మీద పరిగెత్తించాలి. కుందేలు వెనక మాత్రం కాదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. కాళ్లు తడబడితే, నురగ కక్కితే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, ఆ తర్వాత ఆసుపత్రికి బయల్దేరండి. మన ఇళ్లలో నాపరాయి పరుపు చల్లనిదే, కానీ కొవ్వు పొర లేని మోచేతులు దాని మీద ఒరుసుకుని పుండ్లు పడతాయి. పాత బొంత ఒకటి పరిస్తే చాలు.

మత్తు విషయం యజమానే నోరు తెరిచి చెప్పాలి. థయోపెంటోన్ లాంటి మత్తుమందును గ్రేహౌండ్ ఒళ్లు తొందరగా వదిలించుకోలేదు, గంటల తరబడి తేరుకోదు. ఓహియో స్టేట్ యూనివర్సిటీ 2008లో ప్రచురించిన అధ్యయనంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగిన 88 గ్రేహౌండ్లలో 26 శాతానికి ఒకటి రెండు రోజుల తర్వాత రక్తస్రావం కనిపించింది. కాబట్టి కుట్లు వేసిన రోజే ఊపిరి పీల్చుకోకుండా మూడో రోజు దాకా గాయం చూస్తూ ఉండాలి. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్క కుంటితే బెణుకని నూనె రాయకండి. ఈ జాతిలో ఎముక క్యాన్సర్ ఎక్కువ, ఎక్స్‌రే తీయించండి.

ఈ అంకెలన్నీ విదేశీ గ్రేహౌండ్లవి. వాటినే ముధోల్‌కు, చిప్పిపారైకి మక్కీకి మక్కీ అంటగట్టడం సరికాదు. శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ చదివే పిల్లలున్నారు, చుట్టూ ఊళ్లలో కుక్కలున్నాయి. ఆరోగ్యంగా ఉన్న వేటకుక్కల రక్తం తీసి, వాటి సొంత అంకెలతో ఒక పట్టిక తయారుచేసి ముద్దనూరు, జమ్మలమడుగు, పులివెందుల పశువైద్యశాలల గోడలకు అంటించాలని ఆ కళాశాలకు విన్నపం.